భార్గవన్ మాస్టారి ఏటి ఉండలు

"నా ఇంట్లో ఇరవై మూడు ప్రాణాలు పోయాయమ్మా. తీసిందెవరో నాకు తెలుసు. మీరు రుజువు చేసిపెడితే చాలు."

గుమ్మంలో నిలబడి ఈ మాటలన్న పెద్దాయన్ని చూసి సనల్ చేతిలోని టీ ఒలకబోసుకున్నంత పని చేశాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పంచె మోకాళ్లదాకా తడిసింది, గొడుగు మాత్రం చంకలో పొడిగా ఉంది. రెండు చేతులతో ఒక గాజు సీసాని గుండెకి ఆనించుకుని పట్టుకున్నాడు.

రాన్ని ఊరి బస్టాండు ఎదురుగా, బేకరీ పై గదిలో ఉంటుంది డిటెక్టివ్ ఏలిక్కుట్టి ఆఫీసు. పోలీసు శాఖలో ఇరవై రెండేళ్లు వేలిముద్రలు చూసి, పై అధికారి నోటి దురుసు భరించలేక ఉద్యోగాన్ని ఆయన మొహాన కొట్టి వచ్చిన మనిషి ఆవిడ. దొంగ వీలునామాలు, చెప్పకుండా ఇల్లు వదిలిపోయిన మొగుళ్లు, తోటల్లోంచి మాయమైన రబ్బరు షీట్లు, ఇవీ ఆవిడ దగ్గరికొచ్చే కేసులు. లా పరీక్ష మూడుసార్లు తప్పిన సనల్ ఆవిడ దగ్గర సహాయకుడిగా చేరాడు. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

"కూర్చోండి మాస్టారూ," అంది ఏలిక్కుట్టి. "లెక్కలే కదా మీరు చెప్పింది?"

పెద్దాయన తెల్లబోయాడు. "నేను మాస్టార్నని ఎవరు చెప్పారు?"

"జేబులో ఎర్ర పెన్నులు రెండున్నాయి. జవాబు ముందే రాసుకుని తర్వాత రుజువు అడిగేది లెక్కల మాస్టార్లే. నేనూ ఒకాయన దగ్గర బెత్తం దెబ్బలు తిన్నదాన్నే."

సనల్ వెంటనే ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మాస్టారు నవ్వలేదు. సీసాని బల్లమీద పెట్టాడు. లోపల స్పిరిట్‌లో చిటికెన వేలి గోరంత చేపలు ఇరవై మూడు ఉన్నాయి. పసుపు కలిసిన ఆకుపచ్చ ఒంటిమీద నల్లటి మచ్చలు, గుండ్రటి పొట్ట, తలకి మించిన కళ్లు. ఆ కొండల్లో వాటిని ఆట్టుండలంటారు, అంటే ఏటి ఉండలు. భయపడితే పొట్ట ఉబ్బించి బఠాణీ గింజలా అయిపోతాయి.

"చేపలా!" అన్నాడు సనల్, నోరు జారి.

"పోలీస్ స్టేషన్లోనూ అదే అన్నారు నాయనా. ఎస్సై అయితే 'చేపలకి పోస్టుమార్టం చేయించి పులుసు పెట్టించమంటారా మాస్టారూ' అన్నాడు. అందుకే ఇక్కడికొచ్చాను." ఆయన ఏలిక్కుట్టి వైపు తిరిగాడు. "చెంపనాల్ వాగు పేరు విన్నారా అమ్మా?"

ఆ పేరు విననివాళ్లు ఆ జిల్లాలో లేరు. రెండేళ్ల కిందట కుంభవృష్టిలో, క్వారీ తొలిచిన కొండ జారి ఆ వాగు మీద పడింది. వాగుతోపాటు పద్నాలుగు ఇళ్లు పోయాయి.

"అందులో ఒకటి నాది," అన్నాడు భార్గవన్ మాస్టారు. "ఆ పొద్దున గ్రంథాలయంలో పిల్లలకి చూపిద్దామని వాగులోంచి ఆరు ఏటి ఉండల్ని సీసాలో వేసుకుని బయల్దేరాను. 'ఈ పిసరంత చేపలకున్న భాగ్యం నాకు లేదు, నన్నెప్పుడైనా బయటికి తీసుకెళ్లారా' అని మా ఆవిడ కౌసల్య గుమ్మంలో నిలబడి సణిగింది. పదింటికి కొండ దిగింది. నేనూ ఈ చేపలూ మిగిలాం, తను పోయింది. ఆరింట్లో నాలుగు బతికాయి. వాటికి పిల్లలు పుట్టి ఇరవై మూడయ్యాయి. ఒక్కో వాగు ఉండలకి ఒక్కో మచ్చ తీరుంటుందని మావాళ్లు అంటారు. చెంపనాల్ ఉండలు ఇంకెక్కడా లేవమ్మా. వాగు తేరుకున్నాక మళ్లీ అందులో వదలాలనుకున్నాను. ఎందుకు బతికానా అనిపించినప్పుడల్లా ఇదీ పని అని చెప్పుకునేవాణ్ణి."

"ఎవరిమీద అనుమానం?"

"అనుమానం కాదు. నా కొడుకు సజీవన్. ఆ క్వారీలోనే టిప్పర్ తోలేవాడు. వద్దురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. వాళ్లమ్మ మీద కొండని దింపినవాళ్లలో వాడూ ఒకడు. ఆ రోజు నుంచి వాడితో నాకు మాటల్లేవు."

"ఇద్దరూ వేరువేరుగా ఉంటారా?"

"ఒకే ఇంట్లో. గవర్నమెంటు కాలనీ ఇల్లు. ఏదైనా చెప్పాలంటే కోడలు చెప్తుంది." మాస్టారు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "నేను పోతే నా చితికి వాడు నిప్పు పెట్టకూడదని రాశాను. సంతకం ఇంకా పెట్టలేదు. అన్యాయంగా పెట్టకూడదు కదా. మీరు రుజువిస్తే ఆ నిమిషమే పెడతాను. ఆ తర్వాత నాకు కొడుకు లేడు."

"అతను కాదని తేలితే?"

మాస్టారు సీసాని మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. కాగితం జేబులో పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం బస్సుకి ముగ్గురూ కాలనీ చేరారు. ఒకప్పుడు అది పోక తోట. ఇళ్ల కోసం చెట్లు కొట్టేయగా మాస్టారి వాకిట్లో ఏడు పోక చెట్లు మిగిలాయి. నాలుగు చెట్ల మానులకి, మనిషి ఎత్తున, తాడు ముక్కలు వేలాడుతున్నాయి. వాన వెలిసింది. ఏలిక్కుట్టి వాకిట్లోనే ఆగి తల పైకెత్తి చెట్లకేసి కాసేపు చూసింది. మాస్టారు మాత్రం నేలచూపులతోనే నడిచి వెళ్లిపోయాడు. కొండ జారిన తర్వాత ఆయన ఆరుబయట తలెత్తి చూడడం మానేశాడని కాలనీలో అందరికీ తెలుసు.

వసారాలో దండెం మీద తెల్ల పంచె ఒకటి ఆరేసి ఉంది. దాని నడిమధ్య లేత నీలం మరక కనిపించింది.

"మా అమ్మా అంతే మేడమ్," అన్నాడు సనల్. "నీలిమందు సరిగ్గా కలపదు, నేను ఆకాశం కట్టుకు తిరిగినట్టు తిరుగుతాను."

ఏలిక్కుట్టి నవ్వలేదు. పంచె అంచు వేళ్లతో నలిపి చూసి వదిలేసింది.

మాస్టారి గది ఇంటికి ఆనించి తర్వాత కట్టింది, పైన రేకులు. తలుపుకి అరచేయంత ఇత్తడి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంది. కిటికీకి ఇనుప చువ్వలు, వాటి మీద దోమల వల. లోపల ఒక మంచం, ఒక బల్ల, బల్లమీద రెండడుగుల గాజు తొట్టె. ఇసుక, కొయ్య మోడు, పచ్చటి నాచు, పైన తేలే ఆకులు, అన్నీ ఎక్కడివక్కడున్నాయి. కదిలేది మాత్రం ఏమీ లేదు. అడుగున ఖాళీ నత్త గుల్లలు కుప్పపడి ఉన్నాయి.

"నీళ్లు తీసేయలేదా?"

"చేతులు రాలేదమ్మా," అన్నాడు మాస్టారు. "గదిలోకి వస్తే చాలు, అన్నీ అద్దం దగ్గరకొచ్చి వరసగా నిలబడేవి. ఒక కన్ను నామీద, ఒక కన్ను నా చేతిలో నత్తల డబ్బా మీద. ఎండు మేత పెడితే మూతి తిప్పుకునేవి, రాజుగారి పిల్లల్లాగా. నత్తలే కావాలి. గుల్ల కొరక్కపోతే వాటి పళ్లు పెరిగిపోయి నోరు మూతపడుతుంది."

"నత్తలెక్కడివి?"

"శనివారం చీకటిపడ్డాక జబ్బార్ తెచ్చాడు. కోళంచేరిలో రంగు చేపల వ్యాపారి. నాలుగు ఉండలివ్వమని ఆర్నెల్లుగా వెంటపడుతున్నాడు. ఇవ్వనన్నాను. అలిగి వెళ్లాడు."

"ఆ నత్తలు ఎప్పుడు చచ్చాయి?"

అందరూ చేపల గురించి అడుగుతారు గానీ నత్తల గురించి అడిగినవాళ్లు లేరు. మాస్టారు కొంచెం ఆలోచించాడు. "సోమవారం మధ్యాహ్నం దాకా అద్దాలెక్కి తిరుగుతూనే ఉన్నాయి. దీపాలవేళకి ఇసుక మీద రాలిపోయాయి. మేత ఎక్కువైందేమో అనుకున్నాను. మంగళవారం తెల్లారేసరికి చేపలు."

"సోమవారం తొట్టెలో ఏమైనా వేశారా?"

"వేయలేదు. నీళ్లు సగం మార్చాను. బావి నీళ్లు కాదు, అందులో ఆరోగ్య శాఖ వాళ్లు బ్లీచింగ్ పౌడర్ పోస్తారు, అది నాకు తెలియనిదా? వాన నీళ్లు. ఈ ఏడాది మొదటి వాన సోమవారమే పడింది. వాగుకి కొత్త నీరొస్తే వీటికి పండగ. మగవి నల్లబడతాయి, ఆడవాటి వెంట పడతాయి. ప్రతి ఏడాదీ మొదటి వానని వీటికిస్తాను. పంచె నాలుగు కొసలూ కట్టి, మధ్యలో గులకరాయి వేసి, కింద బిందె పెడతాం. మా కొండల్లో అందరం అంతే."

"కొడుకుని ఎందుకు అనుమానించారు?"

మాస్టారి ముఖం బిగుసుకుంది. "ఆదివారం సాయంత్రం వచ్చి ఆ గుమ్మంలో నిలబడ్డాడు. రెండేళ్లలో ఎప్పుడూ రానివాడు. చూపంతా తొట్టె మీదే. చాలాసేపు నిలబడ్డాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. వెళ్లిపోయాడు. తర్వాత రెండో పొద్దుకి అన్నీ చచ్చాయి. ఇంకేం కావాలి?"

వంటగదిలో కోడలు ప్రీజ కర్రపెండలం దుంపలు చెక్కు తీస్తోంది. ఏలిక్కుట్టి ఎదురుగా పీట వాల్చుకుని తనూ ఒక దుంప అందుకుంది.

"ఇద్దరి మధ్య మాటలు నువ్వే మోస్తావట?"

"మోశానక్కా, రెండేళ్లు. శనివారం నుంచి దింపేశాను." ప్రీజ కత్తి పక్కన పెట్టింది. "'నాన్నకి జ్వరం తగ్గిందా అడుగు.' 'వాడికి చెప్పు, గొడుగు పట్టుకెళ్లమని.' పక్క గదేనక్కా! ఈ గోడకి నోరుంటే అదైనా చెప్పును. నేను పెళ్లాన్నా, పోస్టుడబ్బానా? శనివారం ఈయన మళ్లీ 'నాన్నకి ఒక మాట చెప్పు' అంటూ వచ్చాడు. చెవులు మూసుకున్నాను. దేవుడిచ్చిన నోళ్లు ఇద్దరికీ ఉన్నాయి, మీరే చెప్పుకోండన్నాను."

"ఏం మాటో వినలేదా?"

"వినలేదు. ఏముంటుంది, ఉప్పో పప్పో."

"శనివారం మాస్టారు ఇంట్లో ఉన్నారా?"

"పొద్దుణ్ణించి సాయంత్రం దాకా గ్రంథాలయంలోనే. నేనూ పుట్టింటికెళ్లొచ్చాను." ప్రీజ గొంతు తగ్గించింది. "మామయ్యని తప్పుగా అనుకోకక్కా. ఆయన సగం అక్కడే ఉండిపోయారు, ఆ మట్టి కింద. పోయిన వానాకాలం చెట్టు మీద కుళ్లిన పోక కాయ రాలి రేకు మీద టప్పుమంటే చాలు, 'కౌసల్యా, బయటికి రా' అని అరుస్తూ వానలోకి పరిగెత్తేవారు. ఎన్నిసార్లో. ఈయనే వెనక వెళ్లి గొడుగు పట్టేవాడు. అప్పుడూ మాటల్లేవు."

సజీవన్ పెరట్లో కట్టెలు పేరుస్తూ కనిపించాడు. క్వారీ మూతపడ్డాక రబ్బరు పాలు గీసే పనికి వెళ్తున్నాడు. ఏలిక్కుట్టి నోరు తెరవకముందే అతనే అన్నాడు.

"నేనే చంపాను. రాసుకోండి."

"ఏం పెట్టి చంపావు?"

"మైలుతుత్తం."

"తొట్టెలో ఎప్పుడు వేశావు?"

"ఆదివారం."

"తాళమో?"

"తీగతో తీశాను." అతను కట్టె మీంచి చూపు ఎత్తలేదు. "ఇంక తవ్వకండి అక్కా. నాన్న అనుకున్నదే నిజం. అక్కడితో ఆపేయండి."

అప్పుడే వంటగది మెట్ల దగ్గర్నుంచి సనల్ కేక వినిపించింది. మెట్ల కింద గోనెసంచి చాటున సగం వాడిన పొట్లం దొరికింది, నీలం రంగు పలుకులు. దాని పక్కనే సున్నం సంచి.

"కేసు అయిపోయింది మేడమ్!" అన్నాడు సనల్, పొట్లాన్ని ఎత్తి పట్టుకుని.

"ఆ సున్నం సంగతేమిటి?"

"కిళ్లీలోకి అయ్యుంటుంది."

"ఈ ఇంట్లో ఎవరి పళ్లు ఎర్రగా ఉన్నాయి సనల్?"

సనల్ పొట్లం కిందపెట్టాడు. నోట్‌బుక్కులో రాసుకోవడానికి కూడా మనసు రాలేదు.

*

తిరుగు బస్సులో ఏలిక్కుట్టి కిటికీ వైపు కూర్చుంది. సనల్ ఉండబట్టలేక అడిగేశాడు.

"సజీవన్ కాదా మేడమ్? ఒప్పుకున్నాడు కదా?"

"ఒప్పుకున్నాడు, అబద్ధం. మైలుతుత్తం నీళ్లలో పడితే ముందు పోయేవి నత్తలు. ఆదివారం కలిపితే సోమవారం మధ్యాహ్నం దాకా అద్దాలెక్కి తిరగవు. జబ్బార్ తెచ్చిన నత్తల్లో విషమున్నా అంతే, ఆదివారానికే తెలిసిపోయేది. ఆ ఇత్తడి తాళాన్ని తీగతో తీసే మొనగాణ్ణి ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు."

"మరి ఎవరో తెలిసిపోయిందా?"

"తెలిసింది. తెలియకపోతే బాగుండునని మొదటిసారి అనిపిస్తోంది." ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "నిజం చెప్తే ఆ ముసలాయన ఏమైపోతాడో తెలియదు. చెప్పకపోతే ఆ కుర్రాడు తండ్రి బతికుండగానే తండ్రి లేనివాడవుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నూతిలో అతను ఇప్పటికే దూకేశాడు, ఎవరూ చూడకుండా."

సనల్‌కి సగమే అర్థమైంది.

*

మర్నాడు మధ్యాహ్నం మాస్టారి గదిలో అందరూ కూడారు. మంచం మీద మాస్టారు, గుమ్మం అవతల సజీవన్, కిటికీ దగ్గర ప్రీజ. జబ్బార్ కూడా వచ్చాడు. లావుపాటి మనిషి, ఖాళీ తొట్టెని చూడగానే జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"నాలుగు ఇవ్వమంది అమ్ముకోడానికి కాదు మాస్టారూ," అన్నాడు. "అన్ని ప్రాణాల్నీ ఒకే తొట్టెలో పెట్టుకోకండి, రెండు జతలు నా దగ్గరా ఉంచండి అని. నేను వ్యాపారినని మీరు నమ్మలేదు. నా మొహం చూస్తే నాకే నమ్మబుద్ధి కాదనుకోండి."

మాస్టారు ఆయనకేసి చూడలేదు. "మొదలుపెట్టండమ్మా," అన్నాడు ఏలిక్కుట్టితో. కాగితం, ఎర్ర పెన్ను ఒళ్లో సిద్ధంగా ఉన్నాయి.

"అక్కా, వద్దు," అన్నాడు సజీవన్. "నేను ఒప్పుకున్నాను. సంతకం పెట్టుకోనివ్వండి."

"నువ్వు ఒప్పుకున్నదే ఈ కేసులో పెద్ద అబద్ధం," అంది ఏలిక్కుట్టి. బల్లమీద ఒక గిన్నె పెట్టింది. అందులో చేపల కూరలో వేసే కుడంపులి నానబెట్టిన నీళ్లున్నాయి. "మొదటి ప్రశ్న, ఏ విషం. ప్రీజా, దండెం మీది ఆ పంచె ఉతికావా?"

"లేదక్కా. వానకి తడిస్తే ఆరేశాను, అంతే."

ఏలిక్కుట్టి పంచె మధ్యనున్న నీలం మరకని ఆ పులుపు నీళ్లలో ముంచి బాగా పిండింది. బూడిదతో తోమిన ఇనుప కత్తిని అందులో పెట్టింది. కాసేపటికి కత్తి పైకి తీసింది. అంచు పొడవునా ఎర్రటి రాగి పూత పట్టింది.

"పోక చెట్లకి మందు కొట్టే రైతులు, మందు సరిగ్గా కలిసిందో లేదో ఇలాగే కత్తి ముంచి చూస్తారు. ఇది నీలిమందు కాదు, రాగి ఉండే మైలుతుత్తం. నీళ్లు పట్టిన పంచెలోనే ఉందంటే తాళం గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. విషం ఈ గదిలోకి దొంగతనంగా రాలేదు. బిందెలో వచ్చింది. తాళంచెవి ఉన్న మనిషి చేతుల మీదుగానే వచ్చింది."

మాస్టారు మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు.

"మైలుతుత్తం పక్కన సున్నం దొరికింది," అంది ఏలిక్కుట్టి. "చేపల్ని చంపాలనుకున్నవాడికి సున్నంతో పనేముంది? రెండూ కలిపితే బోర్డో మందు. వానలకి ముందు పోక చెట్టు తల మీద కొడితే కాయ కుళ్లి రాలదు. శనివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు సజీవన్ ఏడు చెట్లూ ఎక్కి ఆ మందు కొట్టాడు. మట్టల మొదళ్లలో ఆ మందు తాలూకు తెలుపూ నీలం నిన్న కూడా ఉన్నాయి. తల పైకెత్తితే ఎవరికైనా కనిపిస్తాయి."

"ఏడు చెట్ల కాయలకి అంత పనా?" అన్నాడు జబ్బార్.

"కాయల కోసం కాదు. పోయిన వానాకాలం కాయ రాలి ఈ రేకు మీద పడ్డప్పుడల్లా ఈ మంచం మీది మనిషి కొండ కూలిందనుకుని పరిగెత్తాడు. ఈ ఏడాది ఒక్క కాయా రాలకూడదనుకున్నాడు కొడుకు."

ప్రీజ కిటికీ పక్కన నేలమీద కూర్చుని భర్త వైపు చూసింది.

"సోమవారం మొదటి వాన పడింది. మాస్టారు ఎప్పట్లాగే పంచెని ఆ చెట్ల మానులకే కట్టారు. మట్టల మీది మందంతా కడుక్కుని వాన పంచెలోకి, బిందెలోకి, తొట్టెలోకి వచ్చింది. సాయంత్రానికి నత్తలు, తెల్లారేసరికి చేపలు. ఇదీ జరిగింది. చంపాలని ఎవరూ చంపలేదు."

"చెప్పలేదేం?" అన్నాడు మాస్టారు. ఆయన ఏలిక్కుట్టినే చూస్తున్నాడు. "మందు కొట్టాడు సరే. ఆ చెట్ల కింద నీళ్లు పట్టొద్దని ఒక్క మాట చెప్పొచ్చుగా?"

ఏలిక్కుట్టి సజీవన్ వైపు ఒకసారి చూసింది. ఇలాంటి చోట ఆగిపోయే వీలున్న ఉద్యోగం ఏదైనా ఉంటే బాగుండునని సనల్‌కి అనిపించింది. ఆవిడ మీద అతనికున్న గౌరవం ఆ క్షణాన భయంగా మారింది.

"శనివారం ప్రీజకి చెప్పబోయాడు," అంది చివరికి. "ఆవిడ విననంది. అందులో ఆవిడ తప్పు లేదు, రెండేళ్లు మోసిన భుజం అది. ఆదివారం సాయంత్రం తనే వచ్చాడు. ఆ గుమ్మంలో నిలబడ్డాడు. రెండేళ్లుగా మాట్లాడని తండ్రికి మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక తొట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు మీరేం చేశారో మీరే నాతో చెప్పారు మాస్టారూ."

గోడవైపు తిరిగి పడుకున్నానని ఆయన మళ్లీ చెప్పక్కర్లేకపోయింది. గదిలో ఉన్న అందరూ ఆ గోడ వైపే చూశారు.

"మంగళవారం పొద్దున చచ్చిన చేపల్ని చూడగానే ఏం జరిగిందో సజీవన్‌కి అర్థమైంది. నీళ్లు పోసిన చెయ్యి మీదని మీకు తెలియకూడదనుకున్నాడు. ఆ నింద తనమీద వేసుకున్నాడు. చితి దగ్గరికి రానివ్వకపోయినా సరే అనుకున్నాడు."

"చెప్పొద్దన్నానుగా!" సజీవన్ గుమ్మానికి తల ఆనించి ఏడ్చేశాడు. "ఏం బావుకున్నారు చెప్పి? ఆయనకి మిగిలిందే అది. నేను చంపానన్న కోపంతోనైనా నాలుగు రోజులు బతికేవారు!"

"కోపంతో బతకొచ్చు," అంది ఏలిక్కుట్టి. "నిన్ను వదులుకుని మాత్రం కాదు." ఆ మాట అందే గానీ అది నిజమో కాదో ఆవిడకే నమ్మకం లేదు. కుర్చీలో కూర్చుని కత్తి తుడుచుకుంది.

మాస్టారు తొట్టెనే చూస్తున్నాడు. ఆయన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఇరవై మూడింటిని తన చేత్తో, పండగ నీళ్లంటూ పోసి మరీ చంపుకున్న మనిషికి ఎవరు మాత్రం ఏం చెప్తారు? చేతులు కాలాక ఆకులైనా ఉంటే పట్టుకోవచ్చు, ఇక్కడ ఆకులూ లేవు.

చాలాసేపటికి ఆయన ఒళ్లో కాగితాన్ని ప్రీజకి అందించాడు. "పొయ్యిలో వెయ్యమ్మా."

ప్రీజ తీసుకుని లేచింది.

"వాడికి చెప్పు..." అని ఆగాడు.

"నేను చెప్పను మామయ్యా," అంది ప్రీజ. ఏడుస్తూనే అంది, కానీ గట్టిగానే అంది. "ఈ మనిషి సెలవొస్తే ఎక్కడికెళ్తాడో మీకు తెలుసా? వలా, సీసా పట్టుకుని ఆ మట్టి దిబ్బల మీదికి. వాగు ఎక్కడైనా మిగిలిందేమో, ఇంకో నాలుగు ఉండలైనా దొరుకుతాయేమో, మీ తొట్టెలో కలుపుదామని. రెండేళ్లుగా తిరుగుతున్నాడు. మీకు చెప్పొద్దన్నాడు, దొరికాక చెప్దామన్నాడు. అదీ నేనే మోశాను. ఇంక చాలు."

మాస్టారు గుమ్మం వైపు తిరిగాడు. కొడుకు ముఖం సరిగ్గా చూసి రెండేళ్లయింది. తలలో తెల్ల వెంట్రుకలు రావడం ఆయనకి తెలియదు.

"ఎక్కడెక్కడ చూశావు?" అని అడిగాడు.

సజీవన్ ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"మూడు రాళ్ల మడుగు దగ్గర చూశాను నాన్నా. అదంతా పూడిపోయింది. ఔసేప్ వాళ్ల రబ్బరు తోట కాలవలో నీళ్లున్నాయి, చేపల్లేవు."

"వంతెన కింద?"

"వంతెన కింద నాలుగుసార్లు చూశాను. ఎర్ర నీళ్లే. కప్పలు కూడా లేవు."

"పై జలపాతం దగ్గరో?"

"అక్కడికి దారి లేదు. తాడు కట్టుకుని దిగాను. లేవు."

జబ్బార్ చెప్పులు చేత పట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు. ఏలిక్కుట్టి సనల్‌కి కళ్లతో సైగ చేసి లేచింది. వాళ్లు లేచిన సంగతి తండ్రీ కొడుకులు గమనించలేదు.

"మీ అమ్మ బట్టలుతికే బండ పక్కన, నీడలో?" అన్నాడు మాస్టారు. "అక్కడ ఎప్పుడూ ఉండేవి."

సజీవన్ గుమ్మం దాటి లోపలికొచ్చి తండ్రి కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"బండే దొరకలేదు నాన్నా."

మాస్టారు తల ఊపాడు. కొంచెం ఆలోచించి ఇంకో చోటు పేరు చెప్పి, అక్కడ చూశావా అని అడిగాడు.